పూజ తర్వాత లేవని సర్వర్

ముందు ఈ మాట రాయి: నాకు ఇంకా కోపం తగ్గలేదు. రిటైరై ఇన్నేళ్ళయింది. మోకాళ్ళు అరిగాయి, షుగరొచ్చింది, కలిసి పనిచేసినవాళ్ళ ముఖాలు కూడా మసకబారాయి. ఆ కోపం మాత్రం నిన్న మొన్నటిదిలాగే ఉంది. ఒక్కోసారి పొద్దున చాయ్ తాగుతూ తాగుతూ గుర్తొచ్చి గ్లాసు ఠక్కున కింద పెడతాను. మీ అమ్మ వంటింట్లోంచి ఏమైంది అత్తమ్మా అని అడుగుతుంది. ఏం లేదంటాను. ఏమైందో ఇవాళ చెబుతాను. నా మాటల్ని నువ్వు వేసే పుస్తకంలో చదివేవాళ్ళకు తెలిసేలా సాపు చేసుకో, నాకేం పట్టింపు లేదు. ఎవరు ఏ మాటన్నారో అది మాత్రం సాపు చేయకు. అన్నది అన్నట్టే ఉంచు. పేర్లు వద్దు. వాళ్ళకూ మనవళ్ళూ మనవరాళ్ళూ ఉంటారు.

నేను పనిచేసింది గోదావరిఖనిలో, బొగ్గు కంపెనీ ఆఫీసులో. నా పెనిమిటి, మీ తాత, గనిలో పనిచేస్తూ జబ్బు చేసి పోతే ఆయన ఉద్యోగం నాకిచ్చారు. మొదట ఫైళ్ళు మోశాను, కుండల్లో నీళ్ళు పోశాను. పదో తరగతి పాసై ఉన్నాను కాబట్టి పరీక్ష రాసి క్లర్కునయ్యాను. యాభై దాటాక తీసుకుపోయి కంప్యూటర్ సెక్షన్లో కూర్చోబెట్టారు. తెలంగాణ రావడానికి ఇంకో రెండేళ్ళుందనగా, నా సర్వీసు కూడా ఇంచుమించు అంతే మిగిలి ఉందనగా జరిగింది ఇది.

మా సెక్షన్లో నలుగురం. ఒక ఆఫీసర్ సారు. నేను. నా ఈడువాడే ఒక అటెండరు, నన్ను చెల్లె అని పిలిచేవాడు. నాలుగో మనిషి కాంట్రాక్టు మీద పనిచేసే ఆపరేటర్, ఇరవై ఆరేళ్ళ పిల్ల. పిల్ల అంటున్నాను గాని ఇంటిని మోసే మనిషి. తండ్రి లారీల మెకానిక్కు, చూపు పోయి ఇంట్లో కూర్చున్నాడు. తల్లి బజార్లో పూలు అల్లి అమ్మేది. ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడుకునేవాళ్ళు. మాతో మాట్లాడితే మాకంటే చక్కటి తెలుగు.

నాకు కంప్యూటర్ నేర్పింది ఆ పిల్లే. మౌసు పట్టుకుంటే తెర మీద బాణం గుర్తు ఎటో పారిపోయేది. ఆ పిల్ల నాతో వారం రోజులు కంప్యూటర్లో పేకాట ఆడించింది.

"ఆఫీసుల పేకాట ఏంది బిడ్డా, సారు చూస్తే?" అన్నాను.

"చూడనీ అమ్మా. చెయ్యి అలవాటు పడాలె గద. గెలిచినంక మస్టర్ కొడుదువు."

గెలిచాను కూడా. నేను కంప్యూటర్‌ను ఓడించానని అటెండరు ఆ రోజు అందరికీ చాయ్ తెచ్చాడు.

సర్వర్ అంటే మీ కాలం పిల్లలకు చెప్పక్కర్లేదు. మాకు మాత్రం అది ఏసీ గదిలో పెట్టిన నల్ల బీరువా. గనుల దగ్గర టైమాఫీసుల్లో ఎవరు డ్యూటీకి వచ్చారు, ఎవరు సెలవులో ఉన్నారు, ఎవరు దవాఖానలో ఉన్నారు అని కొట్టేదంతా వచ్చి అందులో పడేది. ఆ హాజరునే మస్టర్ అనేవాళ్ళం. గనిలోకి దిగిన మనిషికి మస్టర్ పడలేదంటే, ఎనిమిది గంటలు బొగ్గులో మునిగి తేలినా వాడు ఆ రోజు రానట్టే. వాడి సెలవులూ ప్రమోషనూ అన్నీ దాని మీదే నడిచేవి.

దసరాకు పది రోజుల ముందు హైదరాబాదు నుంచి ఇంజనీరు వచ్చి ఆ సర్వర్‌కు ఏదో అప్‌డేట్ ఎక్కించాడు. కుర్రాడే, మర్యాదస్తుడు. "సగం పని అయింది సార్. మిషన్ ఒకసారి బంద్ చేసి మళ్ళ ఆన్ చేస్తెనే మిగతా సగం అయితది. మస్టర్ కొట్టని టైం చూసి మీరే చేస్కోండ్రి" అని చెప్పి పోయాడు.

మస్టర్ కొట్టని టైం ఎక్కడుంది? మూడు షిఫ్టులు. ఒకరు దిగుతుంటే ఒకరు ఎక్కుతుంటారు. పైగా ఆ బీరువాను ఆపి ఏడాది దాటింది. ఆపితే మళ్ళీ లేవదేమోనని మా అందరికీ లోపల భయం. రోజూ రేపు చేద్దామనుకున్నాం. చివరికి సారే ఉపాయం చెప్పాడు.

"ఆయుధపూజ నాడు ఎట్లనో బంద్ చేస్తం గద. గప్పుడే అయిపోతది."

మా దగ్గర ఆయుధపూజ ఎట్లా ఉంటుందో మీకు తెలియకపోవచ్చు. గనిలో నీళ్ళు తోడే పంపులు తప్ప ఆపగలిగిన ప్రతి మిషన్నూ ఆపేస్తారు. తాళ్ళు లాగే ఇంజన్, లారీ, జీపు, వర్క్‌షాపులో సాన రాయి, అన్నిటినీ కడిగి బొట్టు పెట్టి బంతిపూల దండ వేస్తారు. మా ఆఫీసులో ఇంకో పట్టింపు ఉండేది. ఒకసారి దండ పడ్డాక మూడు రోజులు ఆ దండను ఎవరూ ముట్టకూడదు. ఆ తర్వాత కూడా వేసినవాడే తీయాలి. టైపు మిషన్ల కాలం నుంచీ ఉన్న పట్టింపు. టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చాయి, పట్టింపు అక్కడే కూర్చుంది.

ఆ ఏడు దండలు ఎవరు తెచ్చారనుకున్నావు? ఆ పిల్లే. వాళ్ళమ్మ అల్లిచ్చింది. సర్వర్‌కని ప్రత్యేకంగా నా మణికట్టంత లావు దండ, మధ్యమధ్య మామిడాకు పెట్టి.

పూజ పదిన్నరకు. ఆ పిల్ల తొమ్మిదింటికే వచ్చి టైమాఫీసులన్నిటికీ ఫోన్లు చేసి, ఇక కొట్టకండి, బంద్ చేస్తున్నామని చెప్పింది. తర్వాత సారు దగ్గరికి పోయింది.

"సార్, బంద్ చేసేముందుగాల మస్టరంత ఒక కాపీ తీస్త. లేవకపోతే మన చేతుల ఉంటది."

"నువ్వు పక్కకు జరుగు. కంపెనీ మస్టర్ కాంట్రాక్టోళ్ళ చేతుల పెడ్తమా? నేనే తీస్త" అన్నాడు.

ఆమె జరిగింది. సారు తన పెన్‌డ్రైవ్ తెచ్చి ఆ నల్ల బీరువా ముందువైపు కింద గుచ్చాడు. ఆ పెన్‌డ్రైవ్‌ను ఆఫీసులో అందరం గుర్తుపడతాం. దానికొక ఎర్రదారం, దారానికి రాగి గణపతి బిళ్ళ. కాపీ నడుస్తుండగా పూజ చేయించే అయ్యగారు గేటు దగ్గర ఉన్నారని ఫోనొచ్చింది. సారు లేచి పోయాడు. ఇదంతా నేను చూశాను. చూసి మరిచిపోయాను.

కాపీ అయిందని తెర మీద చూసుకుని ఆ పిల్ల బంద్ చేయడం మొదలుపెట్టింది. సారు వస్తువు సారే తీసుకుంటాడని పెన్‌డ్రైవ్‌ను ముట్టలేదు. ముట్టి ఉంటే ఇంకో మాట పడేది కదా. తెర మీద, అప్‌డేట్ రాసుకుంటున్నాను, కరెంటు తీయవద్దు అని వచ్చింది. ఆ పిల్ల కుర్చీ లాక్కుని దాని ముందు కూర్చుంది. ఇంతలో సారు అయ్యగారిని తీసుకుని వచ్చాడు.

"ఇంకా కాలేదా? ముహూర్తం దాటుతున్నది. వైరు పీకెయ్యి."

"వద్దు సార్. రాసుకుంటున్నది. ఇప్పుడు పీకితే ఖరాబైతది."

"పీకమంటే పీకవేందమ్మా?"

"ఐదు నిమిషాలు సార్. అదే బంద్ అయితది."

అయ్యగారే కల్పించుకుని, పర్వాలేదు, ఆగుదాం అన్నాడు. దీపాలు వాటంతటవే ఆరిపోయేదాకా ఆ పిల్ల లేవలేదు. నా పక్కనే, రెండడుగుల దూరంలో జరిగింది ఇది. రాశావా? ఈ ముక్క తప్పిపోకుండా రాయి.

పూజ బాగా జరిగింది. సారు తన చేత్తో దండ వేశాడు. అది బీరువా ముందు భాగాన్ని పైనుంచి కింది దాకా కప్పేసింది. కొబ్బరికాయ కొట్టారు. ఆ పిల్ల కూడా ప్రసాదం తీసుకుంది. పదకొండున్నరకు సారు, "ఇగ ఆన్ చెయ్యి" అంటే ఆ పిల్లే బటన్ నొక్కింది.

ఫ్యాన్లు గర్రుమన్నాయి. మిషన్ తయారుచేసిన కంపెనీ పేరొచ్చింది. తర్వాత తెర నల్లబడింది. పైన ఎడమ మూలలో చిన్న తెల్ల గీత, ఆరుతూ వెలుగుతూ. అంతే. పావుగంట చూశాం. అరగంట చూశాం. గీత ఆరుతూ వెలుగుతూనే ఉంది. ఆపి మళ్ళీ పెట్టాం. మళ్ళీ అదే గీత.

హైదరాబాదు ఇంజనీరుకు ఫోన్ చేశాం. అతను చెప్పినట్టు ఏవేవో మీటలు నొక్కింది ఆ పిల్ల. గీత కదల్లేదు. అతనొక మాట అడిగాడు. ఆ పిల్ల ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని సారువైపు తిరిగింది.

"సార్, మిషన్‌కు పెన్‌డ్రైవ్ ఏమన్న పెట్టి ఉన్నదా అని అడుగుతుండు. మీది తీసిన్రా?"

సారు ప్యాంటు జేబు తట్టుకున్నాడు. లోపల ఏదో గల్లుమంది. "తీసిన. జేబులున్నది."

"ఒక్కసారి దండ జరిపి చూస్త సార్."

"దండ ముట్టకు" అన్నాడు.

ఎంత గట్టిగా అన్నాడంటే, అటెండరు చేతిలో కొబ్బరి చిప్ప కింద పడింది. ఆ పిల్ల చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. ఇంజనీరు, అయితే అప్‌డేట్‌లోనే ఏదో చెడిపోయి ఉంటుంది, పండుగ అయ్యాక శుక్రవారం వచ్చి చూస్తానన్నాడు.

మధ్యాహ్నానికి టైమాఫీసుల నుంచి ఫోన్లు మొదలయ్యాయి. పై ఆఫీసు నుంచి సారుకు ఫోనొచ్చింది; రీస్టార్టు చేయమని ఎవరు చెప్పారని. ఆ ఫోన్ పెట్టేసి ఆయన బయటికి వచ్చినప్పుడు ముఖం వేరేగా ఉంది. ఆ పిల్ల అక్కడే ఉంది. ఆమె లేనట్టే నాతో అన్నాడు:

"పూజైన మిషన్‌ను ముందుగాల ఎవరు ముట్టిన్రో చూసినవు గద. ఆమెతోని ముట్టియ్యకపోవాల్సింది. మనదే తప్పు."

నాకు అర్థమైంది. ఆ పిల్లకు నాకంటే ముందే అర్థమైంది. దండ అల్లిన చేతులు ఎవరివో ఆయనకు తెలుసు. ఆ చేతులు అల్లిన దండ పనికొచ్చింది, ఆ చెయ్యి నొక్కిన బటన్ మైల అయింది. ఆయనేమీ పరాయివాడు కాదు, మన పక్క ఊరి మనిషే, ఆ పిల్ల తండ్రితో తన స్కూటర్ బాగుచేయించుకున్నవాడే. ఆ పిల్ల తన టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని, "పోయొస్త అమ్మా" అని నాకు మాత్రం చెప్పి వెళ్ళింది.

సాయంత్రం సారు నన్ను లోపలికి పిలిచాడు. బల్ల మీద ఒక కాగితం. అప్‌డేట్ జరుగుతుండగా కాంట్రాక్టు ఆపరేటర్ హెచ్చరికను లెక్కచేయకుండా కరెంటు తీసేసినందువల్ల సర్వర్ ఆగిపోయిందని, ఆమెను తొలగించి వేరొకరిని పంపాలని కాంట్రాక్టరుకు రాసిన ఉత్తరం. ఒక కాపీ పై ఆఫీసుకు. కింద ఆయన సంతకం. పక్కన, ప్రత్యక్షంగా చూసినవారు అని ఖాళీ.

"సార్, ఆమె పీకలేదు గద," అన్నాను. "మీరే..."

"నేనే ఏంది?"

ఆయన కాగితం నా వైపు జరిపాడు.

"చూడు అక్కా. అప్‌డేట్ అయినంక ఆగింది. బంద్ చేసింది ఆమె. ఆన్ చేసింది ఆమె. ఇంకెవరిమీద రాయాలె, నీ మీద రాయాల్నా? రెండేళ్ళల్ల రిటైరైతవు. ఆ దూరం గని టైమాఫీసుల క్లర్కు కావాలని అడుగుతున్నరు. ఫస్టు షిఫ్టు. పొద్దుగాల బస్సు. నీ మోకాళ్ళు ఊకుంటయా?"

పెట్టాను. సంతకం పెట్టాను బిడ్డా. పెన్ను కూడా ఆయనదే.

ఇక్కడ ఒక మాట చెబుతాను. కొత్తగా ఉద్యోగాల్లో చేరే పిల్లలు చదువుతారంటున్నావు కదా, వాళ్ళ కోసం. అప్‌డేట్ తర్వాత ఆగింది, కాబట్టి అప్‌డేట్ వల్లే ఆగిందన్నారు. ఆ పిల్ల ముట్టిన తర్వాత ఆగింది, కాబట్టి ఆ పిల్ల వల్లే అన్నారు. ఒకటి తర్వాత ఇంకొకటి జరిగితే, మొదటిది చేసినవాడిని పట్టుకోవడం చాలా సులువు. వాడు చిన్న ఉద్యోగి అయితే మరీ సులువు. మధ్యలో ఏముందో దండ జరిపి చూసే ఓపిక ఎవరికీ ఉండదు. చూస్తామన్నవాళ్ళ చెయ్యి వెనక్కి తోస్తారు.

దసరా నాడు జమ్మి ఆకు చేతిలో పెట్టి కాళ్ళు మొక్కడానికి వాడకట్టు పిల్లలంతా వచ్చారు. పెద్దదాన్నని అందరినీ దీవించాను. ఏ ముఖంతో దీవించానో నాకే తెలియదు. మర్నాడు గురువారం ఆఫీసుకు వెళ్తే, ఆ పిల్లను గేటు దగ్గరే ఆపి పంపేశారని అటెండరు చెప్పాడు. కాంట్రాక్టరు మనిషి ఆ కాగితం ఆమెకు చూపించాడట. "చెల్లె, దాని మీద నీ సంతకం కూడ ఉన్నదంట, నిజమేనా?" అని అడిగాడు. నేను ఏదో వెతుకుతున్నట్టు ఫైళ్ళ బీరువాలో తల పెట్టాను.

శుక్రవారం పొద్దున తొందరగా వెళ్ళాను. ఏసీ గది తలుపు తీస్తే కుళ్ళిన బంతిపూల వాసన. దండలో ఎక్కడో ప్రసాదం బెల్లం అంటుకుని ఉంది కాబోలు, గోడ నుంచి ఆ బీరువా దాకా చీమల బారు. దండలోంచి మిషన్ కంతల్లోకి పోతున్నాయి. నేను దండ పట్టుకున్నాను.

"వద్దు చెల్లె," అన్నాడు అటెండరు. "సారు వచ్చి తీస్తడు. మూడు దినాలు కాలేదు."

"మిషన్లకు చీమలు పోతున్నయే."

"పోనీ. నీకెందుకు? ఇప్పటికే లేస్తలేదు, ఇంక నీ మీద పెడ్తరు."

నా మీద పెడతారు. ఆ మాట వినగానే ఎక్కడ లేని కోపం వచ్చింది నాకు. అతని మీద కాదు. మూడు రోజులుగా నేను అనుకుంటున్నదీ అదే కదా. దండ లాగేశాను. తడి పూలన్నీ నేల మీద పడ్డాయి. కింద, నల్ల బీరువా ముందువైపు, ఎర్రదారం. దారానికి రాగి గణపతి.

అటెండరు చూశాడు. నేను చూశాను. పీకి బటన్ నొక్కుదామని చెయ్యి పెట్టాను. మళ్ళీ ఎందుకో ఆగి ఆ పిల్లకు ఫోన్ చేశాను. ఎత్తుతుందని అనుకోలేదు. ఎత్తింది.

"బిడ్డా, సారు పెన్‌డ్రైవ్ మిషన్‌కే ఉన్నది. దండ కింద. పీకితే లేస్తదా?"

"పీకకు అమ్మా" అంది. "నువ్వొక్కదానివే పీకితే నువ్వే పెట్టినవంటరు. నలుగురు వచ్చేదాక ఆగు."

నేను ఆమె మీద సంతకం పెట్టాను. ఆమె నా గురించి ఆలోచించింది. ఈ కోపం ఎందుకు తగ్గుతుంది చెప్పు.

కుర్చీ లాక్కుని ఆ బీరువా ముందు కూర్చున్నాను. తొమ్మిదింటికి రెండు టైమాఫీసుల క్లర్కులు చంకల్లో రిజిస్టర్లు పెట్టుకుని రోజూలాగే అరవడానికి వచ్చారు. "ఏమైంది అక్కా మీ మిషన్? నాలుగు దినాలసంది చేత్తోని రాస్తున్నం, మావోళ్ళు మా పానం తింటున్నరు" అన్నాడు ఒకడు. "కూసోండ్రి, చూద్దురు" అన్నాను. వాళ్ళ వెనకే సారు వచ్చాడు. నేల మీద పూలు చూశాడు.

"దండ ఎవరు తీసిన్రు?"

"నేనే తీసిన సార్. చీమలు పడ్డయి."

"నీకు తెల్వదా, పూజ చేసిన దండ..." అంటూ దగ్గరికొచ్చి, కిందికి చూసి ఆగిపోయాడు. ఆ ఆగడం మీరు చూడాల్సింది. తర్వాత వంగి చెయ్యి చాచాడు. నేను నా చెయ్యి అడ్డం పెట్టాను. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఒక ఆఫీసరు చేతికి నా చెయ్యి అడ్డం పెట్టడం అదే మొదలు.

"ఆగుండ్రి సార్. ఇంజనీరు స్టేషన్ల దిగి వస్తున్నడు. అందరు చూడనియ్యిండ్రి."

"ఏం చూసుడు? పక్కకు జరుగు."

"ఆ పిల్ల జరిగింది సార్. నేను జరగ."

టైమాఫీసు క్లర్కుల్లో ఒకడు మెడ సాచి చూశాడు. "అరే, ఆ గణపతి బిళ్ళ సారుది గద" అన్నాడు, అమాయకంగా. రెండోవాడు అతని మోచెయ్యి గిల్లాడు.

ఇంజనీరు పావుగంటలో వచ్చాడు. సంచి కూడా దించకుండా చూశాడు. "నేను ఫోన్‌ల అడిగిన గద సార్" అన్నాడు మెల్లగా. ముందు అది ఉండగానే బటన్ నొక్కమన్నాను. నల్ల తెర, మూలన తెల్ల గీత. అందరూ చూశారు. ఆపాడు. పెన్‌డ్రైవ్ పీకి బల్ల మీద పెట్టాడు. మళ్ళీ నొక్కాడు. ఈసారి గీత రాలేదు. అప్‌డేట్ పూర్తి చేస్తున్నాను, ఆగండి అని వచ్చింది. పదిహేను, ముప్పై, అరవై అని అంకెలు ఎక్కాయి. వంద అయింది. మస్టర్ తెర వచ్చింది.

"అప్‌డేట్‌ల తప్పేం లేదు," అన్నాడు ఇంజనీరు. "పెన్‌డ్రైవ్ ఉంటే ఈ మిషన్ లేవంగనే ముందు దాంట్ల వెతుకుతది. దాంట్ల దీనికి కావల్సింది ఉండది. గట్లనే చూసుకుంట నిలవడ్తది. బంద్ చేసినోళ్ళు మంచిగ చేసిన్రు, లేకుంటే ఇయ్యాల మొత్తం పోయేది."

సారు పెన్‌డ్రైవ్ తీసి జేబులో వేసుకున్నాడు. నవ్వాడు. "సరే, చిన్న విషయం. లేచింది గద. అందరు పనులు చూస్కోండ్రి" అన్నాడు. వాళ్ళందరూ వెళ్ళాక నాతో, "ఆ పిల్లకు ఫోన్ చేసి రేపటిసంది రమ్మను" అన్నాడు.

"కాయితం సార్?"

"ఏం కాయితం?"

"నాతోని సంతకం పెట్టిచ్చుకున్న కాయితం."

"అది పైకి పోయింది. పోయినదాన్ని నేనేడికెళ్ళి వాపస్ తేవాలె? మనిషిని రమ్మంటున్న గద, ఇంకేం గావాలె."

మధ్యాహ్నం సెలవు పెట్టి ఆ పిల్ల ఇంటికి పోయాను. తల్లీ కూతురూ చాప మీద కూర్చుని మల్లెలు అల్లుతున్నారు. తండ్రి మంచం మీద నుంచి నా అడుగుల చప్పుడువైపు ముఖం తిప్పాడు. "ఆవో అమ్మా, బైఠో" అని తల్లి జరిగి చోటిచ్చింది.

"మిషన్ లేచింది బిడ్డా. రేపటిసంది రమ్మన్నడు."

"కాయితం చింపిన్రా?"

"అది పైకి పోయిందట."

"మరి నేనెట్ల వస్త అమ్మా? ఆ కాయితం ఆడ ఉన్నన్ని దినాలు ఏది ఆగినా నన్నే అంటరు. మిషన్ ఆగినా నేనే. గోడ గడియారం ఆగినా నేనే."

"జానే దే బేటీ" అంది తల్లి. పోనీయవే, పనికి పో అని ఆమె బాధ. ఇల్లు గడవాలి కదా.

ఆ పిల్ల దారం ముడి బిగించి, తల ఎత్తకుండానే అంది: "సారు సంతకం ఒక్కటే ఉంటే వస్తుంటి."

చాయ్ ఇచ్చారు, తాగలేదు. ఇంటికొచ్చి, దీపం పెట్టే వేళకు కాగితం ముందు వేసుకుని కూర్చున్నాను. పై ఆఫీసుకు రాశాను. పెన్‌డ్రైవ్ ఎవరిదో, ఎప్పుడు పెట్టారో, వైరు పీకమన్నది ఎవరో, పీకనన్నది ఎవరో, దండ ముట్టొద్దన్నది ఎవరో, అన్నీ.

ఆ కాగితం ఏం చేసిందో ముందే చెప్పేస్తాను, లేకపోతే నువ్వు మధ్యలో అడుగుతావు. విచారణ అన్నారు, ఇంజనీరు ఉన్నది ఉన్నట్టు చెప్పాడు, రెండో ఉత్తరం వచ్చి మొదటి ఉత్తరం రద్దయింది. మూడు వారాలకు ఆ పిల్ల మళ్ళీ డ్యూటీలో చేరింది. నేను చూడలేదు. అప్పటికి నన్ను రామగిరి అవతల ఒక గని టైమాఫీసుకు వేశారు. పొద్దున బస్సు, ఫస్టు షిఫ్టు. రిటైరయ్యేదాకా అదే. సారుకు ఏమీ కాలేదు. ఏడాది తిరగకుండా పెద్ద పోస్టులోకి పోయాడు. వీడ్కోలు సభలో, ఒకసారి సర్వర్ ఆగిపోతే మూడు రోజులు నిద్రాహారాలు లేకుండా లేపానని చెప్పాడట. చప్పట్లు కొట్టారట. అటెండరు ఫోన్ చేసి చెప్పాడు, నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు.

కాని నేను రాసి పెట్టమంటున్నది ఇది కాదు. శనివారం పొద్దున, ఉత్తరం ఆఫీసులో ఇచ్చే ముందు, దాన్ని ఆ పిల్లకు చూపించడానికి పోయాను. బజారుకు పోయే దారిలో నిలబడి చదివింది. పూలబుట్ట కింద పెట్టి, మొదటి నుంచి చివరి దాకా, మళ్ళీ ఒకసారి. ఒకచోట వేలు పెట్టింది. ఆ ఉత్తరం మీద నేను పొరపాటున సంతకం చేశాను అని రాసి ఉన్నచోట.

"పొరపాటున కాదు గద అమ్మా" అంది.

కోపంగా అనలేదు. నాకు మౌసు పట్టుకోవడం నేర్పినప్పటి గొంతే.

"మరేం రాయాలె?"

"భయపడి అని రాయి."

అక్కడే, ఆమె పూలబుట్ట మీద కాగితం పెట్టి ఆ మాట కొట్టేశాను. దాని పైన, భయపడి అని రాశాను. మడిచి సంచిలో పెట్టుకోబోతుంటే ఆపింది.

"కొట్టేసినకాడ పక్కకు చిన్న సంతకం పెట్టాలె అమ్మా. లేకుంటే చెల్లదు."

పెట్టాను.